1642–1649 ఇంగ్లండ్ అంతర్యుద్ధం: అప్పటివాళ్లు రాసిన కాగితాలు ఎక్కడ మొదలుపెట్టి, ఎలా చదవాలి?

ప్రశ్న క్లుప్తంగా ఇదీ: "చార్లెస్ రాజుకూ పార్లమెంటుకూ జరిగిన యుద్ధం గురించి పాఠ్యపుస్తకాల్లో చదివాను. ఆ రోజుల్లో బతికినవాళ్లు స్వయంగా రాసినవి చదవాలనుంది. ఎక్కడ మొదలుపెట్టాలి? దేన్ని ఎంతవరకు నమ్మొచ్చు?"

పాఠ్యపుస్తకంలో ఈ యుద్ధం మూడు పేజీల్లో అయిపోతుంది. 1642 ఆగస్టు 22న నాటింగ్‌హామ్‌లో రాజు యుద్ధ పతాకం ఎత్తాడు, 1645 జూన్ 14న నేస్‌బీలో ఓడాడు, 1649 జనవరి 30న అతని తల తీశారు. ఆ తేదీల మధ్య బతికినవాళ్లు రాసిన కాగితం మాత్రం గుట్టలుగా మిగిలింది. 1641లో స్టార్ చాంబర్ కోర్టు రద్దవడంతో అచ్చు మీద రాజు పట్టు పోయింది. లండన్‌లో కరపత్రాలు వరదలా వచ్చాయి. జార్జ్ థామసన్ అనే పుస్తకాల వ్యాపారి 1640 నుంచి 1661 దాకా దొరికిన ప్రతిదీ పోగుచేశాడు. సుమారు 22,000 ఉన్నాయి, ఇప్పుడు బ్రిటిష్ లైబ్రరీలో. చాలావాటి మీద తనకు అందిన తేదీని చేత్తో వేసుకున్నాడు. అచ్చులో తేదీ లేని కరపత్రం కూడా ఏ రోజుకల్లా బజార్లోకి వచ్చిందో ఆ చేతిరాత వల్లే మనకు తెలుస్తోంది.

కాబట్టి సరుకుకు కొరత లేదు. చిక్కంతా నోటికీ కాగితానికీ మధ్య ఉన్న దూరంతోనే. ఏ కాగితం పట్టుకున్నా నాలుగు సంగతులు పక్కన రాసుకోండి: కలం ఎవరి చేతిలో ఉంది, సంఘటన జరిగిన ఎన్నాళ్లకు రాశారు, ఎవరు చదవాలని రాశారు, ఎవరెవరి చేతులు మారి మనదాకా వచ్చింది. పేరున్న మనిషి రాశాడా, అనామకుడు రాశాడా అన్నది ఈ నాలుగింటి తర్వాతే.

ఒక్క రోజును దగ్గరగా చూద్దాం. 1642 జనవరి 4. రాజు సాయుధులను వెంటబెట్టుకుని పార్లమెంటు దిగువ సభ అయిన కామన్స్ సభకు వచ్చాడు. పిమ్, హాంప్‌డెన్, హోల్స్, హేజల్‌రిగ్, స్ట్రోడ్ అనే అయిదుగురు సభ్యులను పట్టుకోవాలని అతని పట్టుదల. వాళ్లు అప్పటికే థేమ్స్ నది మీదుగా జారుకున్నారు. వాళ్లెక్కడ అని స్పీకర్ లెంతాల్‌ను అడిగాడు. లెంతాల్ మోకరిల్లి, సభ ఆజ్ఞ లేకుండా ఈ చోట నాకు చూసే కళ్లూ లేవు, పలికే నాలుకా లేదు అన్నాడు. ఇదంతా ప్రతి పుస్తకంలోనూ ఉంటుంది. మరి ఆ మాటలు ఎవరు రాసుకున్నారు?

సభ మధ్య బల్ల దగ్గర సహాయ గుమాస్తా జాన్ రష్‌వర్త్ కూర్చుని రాజు మాటలను షార్ట్‌హ్యాండ్‌లో ఎక్కించుకున్నాడు. అది రాజు కంటపడింది. సాయంత్రం పిలిపించి ప్రతి ఇమ్మన్నాడు. సభలో అన్న మాటలు రాజుకు చెప్పిన ఒక సభ్యుణ్ణి టవర్ జైలుకు పంపారు, నన్ను క్షమించండి అని రష్‌వర్త్ బతిమాలుకున్నాడు. సభ్యులేమన్నారో నేనడగలేదు, నేనేమన్నానో అడుగుతున్నాను అన్నాడు రాజు. రష్‌వర్త్ అక్కడికక్కడే సాఫుగా రాసి ఇచ్చాడు, రాజు దాన్ని దిద్ది అచ్చుకు పంపించాడు. అంటే రాజు ప్రసంగంగా అచ్చులో దొరికేది, మాట్లాడినవాడే సాయంత్రం సరిచూసుకున్న ప్రతి. ఈ కథ చెప్పినది కూడా రష్‌వర్తే, ఏళ్ల తర్వాత తన సంపుటాల్లో.

ఇప్పుడు దీని పక్కన రాల్ఫ్ వెర్నీ నోట్సు పెట్టండి. అతను సభ్యుడు. కూర్చున్నచోటే పెన్సిల్‌తో గబగబా రాసుకునేవాడు. అతని నోట్సులో మాటలన్నీ "ఆయన అన్నాడు" అనే ధోరణిలో ఉంటాయి: స్పీకర్ మోకరిల్లి మన్నించమన్నాడు, తాను సభకు సేవకుణ్ణి అన్నాడు, తన కళ్లు బాగానే ఉన్నాయని రాజు అన్నాడు, తన పిట్టలు ఎగిరిపోయాయి అన్నాడు. నాటకీయత తక్కువ, కానీ కళ్ల మాటా పిట్టల మాటా రెండిటిలోనూ ఉన్నాయి. ఒకరినొకరు చూసి రాసుకోని ఇద్దరు ఒకే మాటను పట్టుకున్నారంటే ఆ మాట అక్కడ నిజంగా పుట్టిందని ధైర్యంగా చెప్పొచ్చు. పదాల వరస ఎవరిదన్నది మాత్రం తేల్చలేం. పరీక్ష జవాబులో రాసేటప్పుడు భావాన్ని ఉదహరించడం సురక్షితం, అక్షరం అక్షరం కాదు.

చదవడం మొదలుపెట్టేముందు మూడు పనిముట్లు సిద్ధం చేసుకోవాలి. ఇవి లేకపోతే మొదటి వారంలోనే తికమకపడతారు.

మొదటిది క్యాలెండర్. అప్పటి ఇంగ్లండులో కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. జనవరి, ఫిబ్రవరి, మార్చి మొదటి 24 రోజులు పాత సంవత్సరం కిందే లెక్క. అందుకే రాజు మరణ శాసనం మీద సంవత్సరం 1648 అని ఉంటుంది. అచ్చు తప్పు కాదు, మన లెక్కలో అది 1649. దానికి తోడు ఇంగ్లండ్ జూలియన్ లెక్క పాటించేది, ఫ్రాన్సు, స్పెయిన్ కంటే 10 రోజులు వెనక. పారిస్ నుంచి వచ్చిన ఉత్తరంలో ఫిబ్రవరి 9 అని ఉంటే లండన్‌లో ఆ రోజు జనవరి 30. నోట్సులో ఆ మూడు నెలలకు 1648/9 అని రెండు అంకెలూ వేసుకోండి. ఉత్తరాలను వరసలో పెట్టేటప్పుడు ఇక్కడే ఎక్కువమంది బోల్తా పడతారు. జవాబు ముందూ ప్రశ్న తర్వాతా వచ్చినట్టు కనిపిస్తుంది.

రెండోది డబ్బు. పౌండుకు 20 షిల్లింగులు, షిల్లింగుకు 12 పెన్నీలు, అంటే పౌండుకు 240 పెన్నీలు. పార్లమెంటు కొత్త సైన్యంలో కాలిబంటుకు రోజుకు 8 పెన్నీలు, గుర్రపు సైనికుడికి 2 షిల్లింగులు. గుర్రం మేత ఖర్చు అతనిదే. కాలిబంటు జీతం ఏడాది పొడుగునా బకాయి లేకుండా అందితే 12 పౌండ్ల 3 షిల్లింగుల 4 పెన్నీలు. నిజంగా అలా అందింది చాలా తక్కువ. 1647లో సైన్యం తిరగబడటానికి జీతం బకాయిలు ఒక ముఖ్య కారణం. ఏ ఉత్తరంలో ధర కనిపించినా ఈ 8 పెన్నీలతో భాగించి చూడండి, ఎన్ని రోజుల కూలో తెలుస్తుంది.

మూడోది వర్ణక్రమం. ఒకే మనిషి ఒకే పేజీలో ఒకే మాటను రెండు రకాలుగా రాస్తాడు. పాత అచ్చులో ఎఫ్‌లా కనిపించే అక్షరం చాలాచోట్ల పొడుగు ఎస్. యు, వి ఒకదాని చోట ఒకటి వస్తాయి. వై, ఈ అని రెండక్షరాలతో కనిపించే చిట్టి మాటను "ద" అని చదవాలి. వెబ్‌సైట్లలో పేరు వెతికేటప్పుడు కనీసం మూడు వర్ణక్రమాలు ప్రయత్నించండి. రెయిన్స్‌బరో అనే కర్నల్ పేరు చాలా కాగితాల్లో రెయిన్‌బరో అని ఉంటుంది. కొత్తగా చదివేవాళ్లు స్పెల్లింగ్ సవరించిన ప్రతితో మొదలుపెట్టి, ఉదహరించాలనుకున్న భాగాన్ని మాత్రం పాత ప్రతితో సరిచూసుకుంటే చాలు.

ఇక చదువు ఉత్తరాలతో మొదలుపెట్టండి, జ్ఞాపకాల పుస్తకాలతో కాదు. ఉత్తరం రాసినవాడికి రేపు ఏం జరుగుతుందో తెలియదు. ఆ తెలియకపోవడమే మనకు కావలసింది.

అందరికన్నా ముందు నెహమయా వార్టన్. పార్లమెంటు సైన్యంలో, హోల్స్ రెజిమెంటులో సార్జెంటు. 1642 ఆగస్టు నుంచి అక్టోబరు దాకా లండన్‌లోని తన యజమాని, వ్యాపారి జార్జ్ విల్లింగ్‌హామ్‌కు ఉత్తరాలు రాశాడు. ఏమీ దాచడు. యాక్టన్‌లో చర్చి అద్దాల బొమ్మలు పగలగొట్టారు, బలిపీఠం చుట్టూ ఉన్న కటకటాలు తగలబెట్టారు. హిల్లింగ్‌డన్‌కు వెళ్లేసరికి కటకటాలు అప్పటికే పోయాయి, కాబట్టి పాదిరీ వేసుకునే తెల్ల అంగీని చింపి చేతిరుమాళ్లు చేసుకున్నారు. దొరల వనాల్లో జింకలను ఎంతగా వేటాడారంటే, మీకు అక్కడ గొడ్డుమాంసం ఎంత మామూలో మాకిక్కడ జింక మాంసం అంత అని రాస్తాడు. తమ లెఫ్టినెంట్ కర్నల్ నోరు తెరిస్తే బూతులని అతనికి ఒళ్లుమంట: పార్లమెంటు తీసేయనన్నా తీసేయాలి, దేవుడు మార్చనన్నా మార్చాలి, లేదంటే దయ్యమైనా త్వరగా ఎత్తుకుపోవాలి అంటాడు. మతం కోసం యుద్ధం అన్న పెద్ద మాట ఒక మామూలు సార్జెంటు చేతుల్లో ఏ రూపం తీసుకుందో ఈ కొద్ది ఉత్తరాల్లో తెలిసినంతగా మరెక్కడా తెలియదు. అక్టోబరు 23న ఎడ్జ్‌హిల్ యుద్ధం జరిగింది. అతని ఉత్తరాలు దానికి ముందే ఆగిపోతాయి.

ఇక్కడ జాగ్రత్త ఒకటి. వార్టన్ తన రెజిమెంటు చేసిన విధ్వంసాన్ని గొప్పగా రాస్తున్నాడు, ఎందుకంటే చదివే యజమాని కూడా అదే మతాభిమాని. అతను చూసిన సంగతులు నమ్మొచ్చు. "అందరూ మమ్మల్ని చూసి సంతోషించారు" లాంటి వాక్యాలను పక్కన పెట్టాలి.

తర్వాత బ్రిలియానా హార్లీ. హెర్‌ఫర్డ్‌షైర్‌లో బ్రాంప్టన్ బ్రయన్ కోట ఆమెది. చుట్టూ అంతా రాజు పక్షం, భర్త రాబర్ట్ లండన్‌లో పార్లమెంటు సభ్యుడు. కొడుకు నెడ్‌కు రాసిన ఉత్తరాలు 1854లో అచ్చయ్యాయి. మొదట్లో ఒంట్లో ఎలా ఉంది, ఏ పుస్తకం చదువుతున్నావు, పంపిన తినుబండారం అందిందా అనే తల్లి మాటలు. 1642 తర్వాత అదే తల్లి పొరుగువాళ్లు తమకు రావలసిన కౌలు కట్టనివ్వడం లేదని, గుర్రాలు తోలుకుపోయారని రాస్తుంది. ఉత్తరం శత్రువు చేతిలో పడుతుందన్న భయంతో చిల్లులు కత్తిరించిన కాగితాన్ని వాడింది. దాన్ని ఉత్తరం మీద గుర్తు ఉన్నచోట పిన్నుతో పెడితే అసలు మాటలే చిల్లుల్లోంచి కనిపిస్తాయి, మిగతావి పూరకం. అచ్చు పుస్తకంలో కొన్ని ఉత్తరాలు అర్థం పర్థం లేకుండా కనిపిస్తే ఆమెకు మతి తప్పిందనుకోకండి, అవి ఈ రకం. ఆ కాగితం వాడుక చెప్పే ఉత్తరం మీద తేదీ 1642 మార్చి 1 అని ఉంటుంది. పైన చెప్పిన లెక్క ప్రకారం అది 1643.

1643 జూలై 26న కోటను ముట్టడించారు. సుమారు ఏడు వారాలు నిలబడింది. లొంగిపొమ్మన్న కబురుకు ఆమె ఇచ్చిన జవాబుల్లో గమనించాల్సింది చట్టం భాష: ఇది నా భర్త ఇల్లు, దేశ చట్టం ప్రకారం నా ఆస్తి, రాజు నా ఆస్తి దోచుకొమ్మని ఆజ్ఞ ఇస్తాడని నమ్మను అంటుంది. రాజుతో పోరాడుతూనే రాజు పేరునే అడ్డుపెట్టుకోవడం ఆనాటి పార్లమెంటు పక్షం వాదమంతటికీ నమూనా. ముట్టడిదారులు సెప్టెంబరులో వెళ్లిపోయారు. అక్టోబరు 9న నెడ్‌కు రాసింది: బాగా జలుబు చేసింది, దేవుడు ఆరోగ్యం ఇస్తాడనుకుంటా, జబ్బు పడటానికి ఇది మంచి సమయం కాదు అని. ఆ నెల ముగిసేలోగా చనిపోయింది.

సేనాపతుల ఉత్తరాల్లో రెండింటిని పూర్తిగా చదవండి. ఎందుకంటే వాటిలో ఒక్కో వాక్యమే అందరికీ తెలుసు, మిగతాది చదివితే అర్థం మారుతుంది. 1643 జూన్ 16న పార్లమెంటు సేనాని విలియం వాలర్ తన పాత స్నేహితుడు, రాజు సేనాని రాల్ఫ్ హాప్టన్‌కు రాశాడు. "శత్రువు లేని యుద్ధం" అన్న మాట దీంట్లోదే. దాన్ని ఒక్కదాన్నే చదివితే శాంతి కోరే ఉత్తరం అనిపిస్తుంది. నిజానికి హాప్టన్ కలుద్దామంటే కుదరదు అని చెప్పడానికి రాసిన ఉత్తరం అది. నీ మీద స్నేహం పోదు, కానీ నేను నిలబడిన పక్షానికి ద్రోహం చేయలేను. మనిద్దరం రంగం మీదున్నాం, మనకిచ్చిన వేషాలు ఆడాల్సిందే అంటాడు. మూడు వారాలు తిరక్కుండా, జూలై 5న లాన్స్‌డౌన్ కొండ మీద వాళ్లిద్దరి సేనలూ కొట్టుకున్నాయి.

రెండోది మార్‌స్టన్ మూర్ యుద్ధం అయిన మూడో రోజు, 1644 జూలై 5న, పార్లమెంటు గుర్రపు దళ సేనాని క్రామ్‌వెల్ తన బావ వాలంటైన్ వాల్టన్‌కు రాసింది. "దేవుడు మీ పెద్దకొడుకును ఫిరంగి గుండుతో తీసుకుపోయాడు. కాలు విరిగింది. తీసేయక తప్పలేదు. దాంతో చనిపోయాడు." నాలుగు ముక్కలు. ఆ ఏడాదే క్రామ్‌వెల్ తన కొడుకును మశూచితో పోగొట్టుకున్నాడు. నాకూ ఈ పరీక్ష తెలుసు అని ఒక్క వాక్యంలో దాన్ని తాకి వదిలేస్తాడు. ఈ చావు కబురు ఉత్తరం మొదట్లో ఉండదు. మొదట విజయం ఉంటుంది, మన గుర్రపు దళం వాళ్లను ఎలా ఊడ్చేసిందో ఉంటుంది. అక్కడే ఒక కొలత తప్పు ఉంది: తన పక్కన పోరాడిన స్కాట్లండ్ గుర్రపు దళాన్ని "వెనక ఉన్న కొద్దిమంది స్కాట్‌లు" అని తేల్చేస్తాడు. ఆ రోజు పార్లమెంటు పక్షాన పోరాడిన కాలిబంట్లలోనూ పెద్ద భాగం స్కాట్‌లే. కొడుకు చావు గురించి ఇంత సూటిగా రాసిన మనిషే పక్క పేరాలో మిత్రుల వాటాను కోసేశాడు. ఒక కాగితాన్ని మొత్తంగా నమ్మడమో, మొత్తంగా కొట్టిపారేయడమో చేయకూడదనడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ లేదు.

ఉత్తరాలు అయ్యాక పట్నీ చర్చలకు రండి. నా దృష్టిలో ఈ మొత్తం కాలంలో అందరికన్నా విలువైన కాగితాలు అవి. 1647 అక్టోబరు 28న మొదలయ్యాయి. రాజు హాంప్టన్ కోర్టులో నిర్బంధంలో ఉన్నాడు. గెలిచిన సైన్యం, అందులో మామూలు సిపాయిల ప్రతినిధులు కూడా, పట్నీలో కూర్చుని ఇక ఈ దేశాన్ని ఎలా నడపాలి అని వాదించుకున్నారు. సైన్యం కార్యదర్శి విలియం క్లార్క్, అతని సహాయకులు షార్ట్‌హ్యాండ్‌లో ఎక్కించారు. అక్టోబరు 29న ఓటు హక్కు మీద వాదం. "ఇంగ్లండులో అందరికన్నా గొప్పవాడికి ఉన్నట్టే అందరికన్నా పేదవాడికీ బతకాల్సిన బతుకు ఒకటి ఉంది" అని రెయిన్స్‌బరో అన్నది ఆ రోజే. ఓటు ఉండాలంటే ఈ రాజ్యంలో స్థిరమైన ఆస్తి ఉండాలి అని సేనాని ఐర్టన్. మేం ప్రాణాలొడ్డింది మా జన్మహక్కుల కోసం కాదా అని సిపాయి సెక్స్‌బీ.

ఇక్కడ మూడు సంగతులు చాలామంది తప్పుగా రాస్తారు. చర్చలన్నీ సెయింట్ మేరీ చర్చిలో జరిగాయంటారు. మొదటి రోజు చర్చిలోనే, కానీ ఆ ప్రఖ్యాత వాదం జరిగింది క్వార్టర్‌మాస్టర్ జనరల్ బస చేసిన ఇంట్లో. ఈ మాటలు అప్పుడే దేశమంతా మారుమోగాయంటారు. అప్పటి వార్తాపత్రికలు వీటిని ప్రచురించలేదు. క్లార్క్ 1662 ప్రాంతంలో సాఫు చేసిన ప్రతి ఆక్స్‌ఫర్డ్ వూస్టర్ కాలేజీలో పడి ఉండి, 1891లో అచ్చయింది. అప్పటిదాకా దాదాపు రెండున్నర శతాబ్దాలు ఆ మాటలు ఎవరికీ తెలియవు. ఇక ఇది పొల్లుపోని నమోదు అంటారు. షార్ట్‌హ్యాండ్ నోట్సును 15 ఏళ్ల తర్వాత విప్పినప్పుడు వాక్యాలు ముందు వెనకలయ్యాయి, సగంలో తెగాయి. అచ్చువేసినవాళ్లు కొన్నిచోట్ల వరస సర్దారు. మంచి ప్రతిలో అలా సర్దినచోట గుర్తు ఉంటుంది, దాన్ని దాటేయకండి. పేరు తెలియని సిపాయి ఒకతను లేచి మాట్లాడితే గుమాస్తా "తోలుకోటు" అని రాసుకున్నాడు, ఇంకొకరు "బెడ్‌ఫర్డ్‌షైర్ మనిషి". ఆ రెండు గుర్తులు చూస్తే ఆ గది కళ్లకు కడుతుంది. ఇంకో మాట: రెయిన్స్‌బరో చెప్పింది పేదవాడి గురించి, పేదరాలి గురించి కాదు. ఆ గదిలో స్త్రీల ఓటు ప్రస్తావన లేదు.

రాజు విచారణ, మరణశిక్ష గురించి చదివేటప్పుడు ప్రతి చిన్న వివరం ఎవరి నుంచి వచ్చిందో విడివిడిగా చూడాలి. వెస్ట్‌మిన్‌స్టర్ హాలులో 1649 జనవరి 20న మొదలై 27న తీర్పు వచ్చింది. శాసనం మీద 59 సంతకాలు. "ఏ అధికారంతో, చట్టబద్ధమైన ఏ అధికారంతో నన్నిక్కడికి పిలిచారు?" అన్న రాజు ప్రశ్న అప్పటి అచ్చు నివేదికల్లోనే ఉంది. ఆ నివేదికలు పార్లమెంటు పక్షం అనుమతితో అచ్చయినవి. తమకు ఇబ్బంది కలిగించే మాటను కూడా అవి వదల్లేదు కాబట్టి దాన్ని గట్టిగా నమ్మొచ్చు. జనవరి 30న వధ్యవేదిక మీద రాజు ప్రసంగం మొదలుపెడుతూనే, నా మాట ఇక్కడ ఎవరికీ సరిగా వినబడదు అన్నాడు. చుట్టూ సైనికుల వరసలు, జనం దూరంగా. ఆ ప్రసంగం మనకు దక్కింది వేదిక మీదే ఉండి రాసుకున్నవాళ్ల వల్ల. జనంలో ఉన్నవాళ్లు "విన్నాను" అని ఆ ప్రసంగాన్ని ఉదహరిస్తే, అది అచ్చులో చదివింది అయ్యుండాలి.

చలికి వణికితే భయమనుకుంటారని రాజు రెండు చొక్కాలు వేసుకున్నాడన్న కథ అందరికీ తెలుసు. అది సేవకుడు థామస్ హెర్బర్ట్ చెప్పింది. ఎప్పుడు? 1678లో, అంటే దాదాపు 30 ఏళ్లకు. హెర్బర్ట్‌ను రాజు దగ్గర పెట్టింది పార్లమెంటు. 1660లో కొత్త రాజు వచ్చాక అతనికి బిరుదు దొరికింది. తాను రాజుకు ఎంత దగ్గరివాణ్ణో చూపించుకోవలసిన అవసరం అతనికి ఉంది. కథ అబద్ధమని చెప్పడానికి ఆధారం లేదు, కానీ "హెర్బర్ట్ చెప్పిన ప్రకారం" అన్న మాట లేకుండా రాయకూడదు. గొడ్డలి పడగానే జనం నుంచి ఒక మూలుగు వచ్చింది, అలాంటిది మళ్లీ వినకూడదు అని చెప్పిన ఫిలిప్ హెన్రీ అప్పుడు 17 ఏళ్ల విద్యార్థి. అతను అక్కడున్నాడు, నిజమే. ఆ మాట లోకానికి తెలిసింది మాత్రం కొడుకు రాసిన జీవితచరిత్ర ద్వారా, 1698లో.

1660 అన్న అంకె దగ్గర పెద్ద గీత గీసుకోండి. రాజరికం తిరిగి వచ్చాక అందరి జ్ఞాపకాలూ మారాయి. లండన్‌లో నౌకాదళ అధికారి సామ్యూల్ పెపీస్ డైరీ దీనికి అద్దం. రాజు తల తెగడం 15 ఏళ్ల వయసులో చూశాడు. 1660 నవంబరు 1న పాత బడి స్నేహితుడొకడు కలిసి, చిన్నప్పుడు నువ్వు పెద్ద పార్లమెంటు పక్షం కదా అన్నాడు. పెపీస్ గుండె ఝల్లుమంది: ఆ రోజు తాను "ఈ రాజు మీద నన్ను ప్రసంగించమంటే, దుష్టుల పేరు కుళ్లిపోతుంది అన్న వాక్యం తీసుకుంటాను" అన్నది కూడా వీడికి గుర్తుందేమోనని. లక్షలమంది తమ గత పదిహేనేళ్లను ఇలాగే మడిచి దాచుకున్నారు. పెపీస్ ఇతరులు సులువుగా చదవలేని షార్ట్‌హ్యాండ్‌లో రాసుకున్నాడు కాబట్టి మనకు తెలిసింది.

అందుకే 1660 తర్వాత రాసిన పెద్ద పుస్తకాలు రెండో విడతలో చదవాలి. రాజు సలహాదారు క్లారెండన్ రాసిన చరిత్ర సగం 1646 నుంచి రాసింది, సగం 1667 తర్వాత ప్రవాసంలో రాసింది, రెండూ కలిసిపోయి ఉంటాయి. లూసీ హచిన్‌సన్ తన భర్త, పార్లమెంటు పక్షాన నాటింగ్‌హామ్ కోటను ఏలిన అధికారి, జైల్లో చనిపోయాక అతని పేరు నిలబెట్టడానికి రాసింది. నాటింగ్‌హామ్ కోట లోపలి తగాదాల గురించి ఆమె అంత వివరంగా రాసినవాళ్లు లేరు, కానీ భర్తతో విభేదించిన ప్రతివాడూ ఆమె పేజీల్లో నీచుడే. పార్లమెంటు సేనాని ఎడ్మండ్ లడ్లో జ్ఞాపకాల సంగతి మరీ పాఠం లాంటిది. 1698లో అచ్చయిన ప్రతిలో అతను ప్రశాంతమైన గణతంత్రవాదిగా కనిపిస్తాడు. 1970లో అసలు చేతిప్రతిలో కొంత భాగం దొరికింది. చూస్తే అడుగడుగునా బైబిలు, దేవుడి తీర్పు కోసం ఎదురుచూపు. అచ్చువేసినవాళ్లు తమ కాలానికి తగ్గట్టు మతాన్ని తీసేసి మనిషినే మార్చేశారు. దాదాపు 270 ఏళ్లు చరిత్రకారులు ఆ మారిన లడ్లోనే ఉదహరించారు.

పచ్చి నకిలీలూ ఉన్నాయి. 1847లో స్క్వైర్ అనే అతను క్రామ్‌వెల్ ఉత్తరాలంటూ 35 ఇస్తే చరిత్రకారుడు కార్లైల్ అంతటివాడు నమ్మి అచ్చువేశాడు. ఇంటర్నెట్‌లో, మన వాట్సాప్ గ్రూపుల్లో కూడా తిరిగే క్రామ్‌వెల్ పెద్ద ప్రసంగం, 1653 ఏప్రిల్ 20న పార్లమెంటును గెంటేస్తూ "మీరు దేశాన్ని అమ్ముకున్నారు" అనే ధోరణిలో సాగేది, ఆ రోజు సాక్షులెవరూ రాయలేదు. అది 18వ శతాబ్దంలో అచ్చులో కనిపించింది. ఆ రోజు గురించి తరచూ ఉదహరించే లడ్లో కూడా అప్పుడు ఐర్లండులో ఉన్నాడు. రాజు స్వయంగా రాసుకున్న ప్రార్థనలని 1649లో వెలువడి ఒక్క ఏడాదిలో 35కు పైగా ముద్రణలు పొందిన "ఐకాన్ బసిలికే" వెనక జాన్ గాడెన్ అనే పాదిరీ చెయ్యి ఉంది. దీనికి ఎదురుగా నేస్‌బీలో పట్టుబడిన రాజు సొంత ఉత్తరాలున్నాయి, 1645 జూలైలో పార్లమెంటు అచ్చువేసింది. అవి నిఖార్సైనవే, కానీ ఏవి వేయాలో ఎంచింది శత్రువు. వార్తాపత్రికలు, ఆక్స్‌ఫర్డ్ నుంచి రాజు పక్షం ఆలికస్, లండన్ నుంచి పార్లమెంటు పక్షం బ్రిటానికస్, రెండూ జంటగా చదవండి. చచ్చినవాళ్ల అంకెలు రెండిట్లోనూ నమ్మవద్దు, ఏ ఊరు ఏ రోజు ఎవరి చేతిలో ఉందన్నంతవరకు పనికొస్తాయి.

ఇవన్నీ దొరికేచోటు: రష్‌వర్త్ సంపుటాలు, కామన్స్ సభ జర్నల్, ఆనాటి ఆర్డినెన్సులు బ్రిటిష్ హిస్టరీ ఆన్‌లైన్‌లో ఉన్నాయి. వెర్నీ నోట్సు, హార్లీ ఉత్తరాలు, క్లార్క్ కాగితాలు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో పాత అచ్చుల స్కాన్లుగా ఉచితం. కరపత్రాల బొమ్మలకు డబ్బు కట్టాలి, కానీ ఎక్కించిన పాఠాలు వేలల్లో ఉచితంగా విడుదలయ్యాయి. క్రామ్‌వెల్‌కు మాత్రం కార్లైల్ ప్రతి వాడకండి, 2022లో ఆక్స్‌ఫర్డ్ వేసిన మూడు సంపుటాలను గ్రంథాలయంలో అడగండి. మచిలీపట్నం, మద్రాసు కోఠీల్లోని ఈస్టిండియా కంపెనీ ఉద్యోగులు అదే 1640లలో రాసిన ఉత్తరాల సారాంశాలు "ఇంగ్లిష్ ఫ్యాక్టరీస్ ఇన్ ఇండియా" సంపుటాల్లో ఉన్నాయి. ఆ గొడవ సెగ కోరమాండల్ తీరానికి కూడా తగిలింది: 1665లో సెయింట్ జార్జి కోటలో ఎడ్వర్డ్ వింటర్, తన స్థానంలో వచ్చిన ఫాక్స్‌క్రాఫ్ట్ రాజద్రోహపు మాటలన్నాడని నిందమోపి, అతన్ని 1668 దాకా బంధించి ఉంచాడు.

చివరగా, చదవడం రాని మనుషుల గొంతు. 1642 అక్టోబరు 24న పార్లమెంటు తన పక్షాన గాయపడినవాళ్లకూ, చనిపోయినవాళ్ల భార్యాపిల్లలకూ సాయం చేస్తామంది. దాంతో జిల్లా కోర్టులకు అర్జీలు వచ్చాయి. "సివిల్ వార్ పిటిషన్స్" వెబ్‌సైట్‌లో ఫొటోతో, ఎక్కించిన పాఠంతో ఉచితంగా ఉన్నాయి. రాసింది లేఖరి. "వినయపూర్వక విన్నపం" అని మొదలై అంతా ఆమె, అతను అని సాగుతుంది. అడుగున సంతకం బదులు ఒక గీతో, గుర్తో. పొగడ్తలూ వినయమూ లేఖరివి. కానీ భర్త ఏ కెప్టెన్ కింద పనిచేశాడు, ఏ ముట్టడిలో పోయాడు, ఇంట్లో ఎంతమంది చిన్నపిల్లలు, ఏ చెయ్యి పనిచేయదు అన్నవి ఆ మనిషి నోటినుంచే రావాలి, లేఖరికి మరోలా తెలియవు. అక్కడ కలం వేరు, గొంతు వేరు అని స్పష్టంగా విడదీయొచ్చు. 1660 తర్వాతి అర్జీలు చూస్తే పక్షం తిరగబడుతుంది: పార్లమెంటు సిపాయిల పింఛన్లు పోయాయి, 1662 చట్టంతో రాజు పక్షం వాళ్లవి మొదలయ్యాయి. అర్జీ చదివాక కాగితం అడుగునా వెనకా తప్పకుండా చూడండి. న్యాయాధికారి ఉత్తర్వు అక్కడే ఒక్క పంక్తిలో ఉంటుంది: ఎంత ఇవ్వాలి, ఒక్కసారికా ఏటేటానా, లేక తోసిపుచ్చారా అని. ఆ మొత్తాన్ని రోజుకు 8 పెన్నీల లెక్కతో భాగించి, అర్జీ పక్కన రాసుకోండి.